పాటకు జబ్బా? ఫైలుకు జబ్బా?

ఈ మధ్య మా జిల్లాలో జరిగిన ఒక చిన్న సభలో అభ్యుదయ మిత్రుడొకాయన లేచి, "పాత ప్రజాగీతాలన్నీ బాగుచేసేశాం. ఇప్పుడవి సినిమా పాటల్లాగే వినపడతాయి" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వెళ్ళి ఆయన పంచిన పెన్‌డ్రైవు పెట్టుకుని విన్న తర్వాత ఆ చప్పట్లకు సిగ్గుపడ్డాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

యంత్రమంటే విముఖతతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాల పూట చెడిపోయిన పాటల ఫైళ్ళు బాగుచేసే పనిలో నేను చాలా ఏళ్ళుగా వున్నాను. తెరుచుకోని ఫైలును తెరిపించడం, తప్పు వేగంతో నడిచే పాటను సరైన వేగానికి తేవడం, ముక్కలైన రికార్డింగును అతకడం నాకు ఇష్టమైన పనులు. కనక బాగుచేయాలా వద్దా అన్నది మా తగాదా కాదు. ఏది చెడింది, ఏది చెడలేదు, ఆ తీర్పు ఎవరు చెప్పాలి అన్నదే తగాదా. ఆ మిత్రుడికి ఇది సాంకేతిక విషయం. నాకు మాత్రం ఇది వర్గ దృష్టికి సంబంధించిన విషయంగా కనపడుతున్నది. ఎందుకో చెబుతాను.

నౌపడ స్టేషను దాటి సముద్రం వైపు నడిస్తే ఉప్పు మళ్ళు వస్తాయి. 2016 వేసవిలో ఒకనాటి తెల్లవారుజామున, ఆ మళ్ళల్లో పనిచేసే ఒక ముసలమ్మ పాడుతూ వుంటే నేను రికార్డు చేశాను. (ఆమె పేరు ఫైలులో రాసిపెట్టాను. అచ్చులో వద్దన్నది.) పొడుగాటి కర్రకు బిగించిన పలకతో ఆమె ఉప్పును గట్టు దాకా లాగుతున్నది. లాగుతూ పాడుతున్నది. పక్క మళ్ళలోని ఆడవాళ్ళు చరణం చివరి మాట అందుకుంటున్నారు. పాట ఏడో నిమిషంలో వుండగా నా రికార్డరులో బ్యాటరీ అయిపోయింది.

ఇంటికి తెచ్చి చూస్తే ఫైలు తెరుచుకోలేదు. నిడివి సున్నా అంటుంది యంత్రం. కాని కార్డు మీద అది దాదాపు 3 కోట్ల 70 లక్షల బైట్ల జాగా ఆక్రమించి వుంది. సున్నా అయితే ఆ జాగా దేనికి? వేవ్ ఫైలు మొదట్లో సాధారణంగా 44 బైట్ల పీఠిక ఒకటి వుంటుంది. పాట ఎంత పొడుగో అందులో రెండు చోట్ల రాసివుంటుంది. చాలా రికార్డర్లు ఆ అంకెను చివర్న, ఆపే మీట నొక్కినప్పుడు రాస్తాయి. నా రికార్డరుకు ఆ చివరి క్షణం రాలేదు. పాట అంతా వుంది. పాట వుందని చెప్పే అంకె ఒక్కటే లేదు. సెకండుకు 44,100 నమూనాలు, నమూనాకు రెండు బైట్లు, అంటే సెకండుకు 88,200 బైట్లు. మొత్తాన్ని దానితో భాగిస్తే ఏడు నిమిషాలు సరిగ్గా వచ్చింది. ఆ రెండు చోట్లా సరైన అంకెలు వేశాను. పాట పలికింది.

దీన్ని నేను బాగుచేయడమంటాను. చెడింది యంత్రం చేసిన పని. సరిచేసిందీ ఆ పనినే. ముసలమ్మ పాడినదానిలో నేను ముట్టుకున్నది ఏమీ లేదు.

ఆ ఫైలు నకలు ఒకటి మన మిత్రుడు తీసుకువెళ్ళాడు. ఆయన పెన్‌డ్రైవులో మళ్ళీ నాకు ఎదురైంది అదే పాట. ఆయన దానికి నాలుగు చికిత్సలు చేశాడు. "రొద" తీసేశాడు. "ఖాళీలు" కత్తిరించాడు. శ్రుతి సరిచేశాడు. గొంతు పెద్దదైన చోట తగ్గించి, చిన్నదైన చోట పెంచి, మొదటినుంచి చివరిదాకా ఒకే మట్టానికి తెచ్చాడు. ఏడు నిమిషాల పాట నాలుగు నిమిషాలయింది. నిజమే, రేడియోలో వచ్చే పాటలా శుభ్రంగా వుంది.

నేను దాన్ని ఫోనులో వేసుకుని నౌపడ వెళ్ళి ఆమెకే వినిపించాను. సగం దాకా వినేసి, "ఇదెవులు పాడినారు మాస్టరు బాబూ?" అన్నది.

"నువ్వేనమ్మా."

"గొంతుక నాదే. పాట నాది కాదు. పలకేదీ? నాను ఉప్పు లాగకుండా పాడతానేటి?"

నేను ఇక్కడ రాయబోయే విమర్శ అంతా ఆమె ఆ రెండు మాటల్లో చెప్పేసింది. నేను చేయవలసిందల్లా దాన్ని విడమర్చడమే.

రొద తీసే పరికరం ఎట్లా పనిచేస్తుంది? పాట లేని చోటు ఒకటి చూసి, ఒక అరసెకండు ముక్కను దానికి చూపించాలి. అది ఆ ముక్కలోని శబ్దాన్ని "రొద" అని నేర్చుకుని, ఫైలు పొడుగునా అలాటి శబ్దం ఎక్కడున్నా తగ్గించేస్తుంది. మన మిత్రుడు చూపించిన ముక్క ఏది? చరణానికీ చరణానికీ మధ్య ఆమె పాట ఆపిన చోటు. ఆమె అక్కడ ఎందుకు ఆపింది? పలకను దూరంగా వేసి, ఉప్పును బలంకొద్దీ లాగుతున్నది కనక. ఆ లాగుడుకు పోగా పాటకు ఊపిరి మిగలదు కనక. అంటే యంత్రానికి "ఇది రొద" అని ఆయన నేర్పింది ఉప్పు మీద పలక రాచుకునే చప్పుడు. యంత్రం విధేయురాలు. ఆ చప్పుడును ఏరిపారేసింది. ఆ తర్వాత ఆయన ఖాళీలు కత్తిరించాడు. దానితో ఆమె ఊపిరి తీసుకోవడం కూడా పోయింది. పాటలోంచి పనిని తీసేశారు; పనిచేసే మనిషి అలసటను తీసేశారు. మిగిలినదాని మీద "శ్రామిక గీతం" అని చీటీ అంటించారు.

ఇది పొరపాటున జరిగింది కాదు. ఆయనకు తెలియకుండా ఆయన చెవిలో ఒక ప్రమాణం కూచుని వుంది. స్టూడియో గదిలో, నాలుగు గోడల మధ్య, ఏ పనీ చేయని మనిషి మైకు ముందు నిలబడి పాడితే వచ్చేదే పాట అన్నది ఆ ప్రమాణం. తక్కినదంతా లోపమే. ఈ ప్రమాణాన్ని తయారుచేసింది రికార్డులు అమ్ముకునే వ్యాపారం. 78 ఆర్పీఎం రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లరే పట్టేది గనక, గంటసేపు పాడే విద్వాంసుణ్ణి మూడు నిమిషాలకు కుదించిన వ్యాపారమది. ఆనాడు ఆ కుదింపు యంత్రం పరిమితి. ఈనాడు అలాటి పరిమితి ఏదీ లేదు. అయినా మన చేతులతో మనమే కుదిస్తున్నాం.

"రొద" అన్న మాటను ఇంకొంచెం పరీక్షించాలి. విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యుడిగా, 1936 నుంచి ప్రిన్సిపాలుగా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డులు తీసుకోండి. వాటి మీద ముల్లు రాపిడి చప్పుడు వుంది. అది యంత్రం చప్పుడే, తగ్గించవచ్చు. కాని ఫిడేలు తీగెమీద కమాను రాచుకునే గరగర కూడా దాదాపు అలాటి చప్పుడే. యంత్రానికి ఈ రెంటికీ తేడా తెలియదు. రాపిడినంతా పోగొట్టాలని పట్టుపడితే కమాను కూడా పోతుంది. తీగెను ఎవరూ ముట్టుకోకుండానే నాదం వచ్చినట్టు వుంటుంది. ఆ మహావిద్వాంసుడి చేతిని తుడిచేసి ఆయన సంగీతాన్ని బాగుచేశామంటే ఎట్లా?

"టిక్కు" అనే చప్పుళ్ళు తీసే పరికరం ఇంకొకటి వుంది. గీతలు పడిన రికార్డులకు అది బాగా పనికివస్తుంది. హఠాత్తుగా లేచి హఠాత్తుగా పడిపోయే శబ్దాన్ని అది గీతగా భావించి పూడ్చేస్తుంది. బుర్రకథకుడి బొటనవేలి అందె చప్పుడు ఎట్లా వుంటుంది? హఠాత్తుగా లేచి హఠాత్తుగా పడిపోతుంది. జముకు దెబ్బ కూడా అంతే. పరికరాన్ని గట్టిగా పనిచేయిస్తే అందె మూగదవుతుంది, జముకు మెత్తబడుతుంది. ఇంకా ముందుకు వెళ్ళి ఆలోచించండి. 2011 ఫిబ్రవరి 28న ఇదే సంతబొమ్మాళి మండలంలో, కాకరాపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. ఆనాడు ఎవరి సెల్‌ఫోనులోనైనా ఒక పాట రికార్డవుతూ వుండివుంటే, ఈ పరికరం దృష్టిలో తుపాకి చప్పుడు కూడా ఒక "టిక్కే". దాన్ని పూడ్చి, పాటను శుభ్రంగా మనకు అందిస్తుంది. అలాటి శుభ్రత ఎవరికి కావాలి? మనకా?

రొద ఒక్కొక్కప్పుడు సాక్షి కూడాను. ఇది నా అనుభవం. ఎనభైలనాటి ఒక సభ క్యాసెట్టు నా దగ్గరికి వచ్చింది. గాయకుడి గొంతు పీలగా, తొందరగా వుంది. రికార్డు చేసిననాడు బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా నడిస్తే, తర్వాత మామూలు వేగంతో వేసినప్పుడు ఇట్లా వస్తుంది. అయితే ఎంత నెమ్మది? ఆ గాయకుడు లేడు, అడగడానికి వీల్లేదు. కాని వెనకాల మైకు సెట్టు హోరు వుంది. మన కరెంటు సెకండుకు 50 సార్లు వూగుతుంది. ఆ హోరును కొలిస్తే 53 దగ్గర వుంది. గ్రిడ్డులో ఆ అంకె కాస్త తగ్గుతూ పెరుగుతూ వుండే రోజులే అవి. అయినా 53 దాకా పోయే మాట లేదు. అంటే పాట దాదాపు ఆరు శాతం వేగంగా, ఇంచుమించు ఒక అర్ధస్వరం పైన నడుస్తున్నది. ఆ మేరకు తగ్గించాను. గొంతు మనిషి గొంతయింది. మన మిత్రుడి పద్ధతిలో మొట్టమొదట చేసేది హోరు తీసేయడం! పోతే పోయింది హోరు. దానితోపాటు పాట అసలు వేగమేమిటో చెప్పగలిగిన ఒకే ఒక సాక్షి కూడా పోతుంది.

ఇలాటిదే ప్రపంచ ప్రసిద్ధమైన దృష్టాంతం ఒకటి వుంది. 1860లో పారిస్‌లో స్కాట్ ద మార్తిన్విల్ మసి పూసిన కాగితం మీద ఒక పాట తాలూకు కంపనాలను గీతగా గీయించాడు. ఆ గీతను 2008లో కంప్యూటరు సాయంతో మళ్ళీ శబ్దంగా మార్చారు. ఆడపిల్లో, ఒక యువతో పాడినట్టు వినిపించింది. 2009లో తప్పు తెలిసింది. వేగం రెండింతలు పెట్టారు. పాడింది మగవాడు, బహుశా స్కాటే. ఆ వేగం లెక్కకు ఆధారమేమిటి? పాట గీత పక్కనే నడిచిన శ్రుతిదండం గీత. దానికి పాటతో సంబంధం లేదు గదా, అనవసరమైన గీత గదా అని ఎవరైనా నీటుగా కత్తిరించివుంటే, ఆ మనిషి ఎప్పటికీ ఆడపిల్లగానే వుండిపోయేవాడు. తప్పు చేసినవాళ్ళు దాన్ని దాచుకోలేదు, దిద్దుకున్నారు. దిద్దుకోవడానికి వీలు మిగిలింది, అసలుది అట్లాగే వుంది గనక.

ఇక శ్రుతి సంగతి. గొంతును దగ్గరి స్వరానికి లాగి నిలబెట్టే ఆటోట్యూన్ అనే పరికరం 1997లో అమ్మకానికి వచ్చింది. భూగర్భంలో చమురు జాడలను శబ్దతరంగాలతో వెదికే పనిలో ఆరితేరిన ఆండీ హిల్డెబ్రాండ్ దాన్ని తయారుచేశాడు. తెలివైన పనే. కాని అలాటి పరికరాలను అమ్మినవాడు పెట్టిన అమరికలోనే వాడితే, స్థాయిని సమానమైన పన్నెండు మెట్లుగా కోస్తాయి. ఆ మెట్ల మీద నిలవని గొంతు తప్పు. మన గమకం మెట్ల మీద నిలవదు. ఉప్పు మడిలో పాడే మనిషి గాంధారం హార్మోనియం మెట్టు మీద కూచోదు. మిత్రుడు ఆ గాంధారాన్ని పట్టి కూచోబెట్టాడు.

నౌపడ జంక్షనులో దిగి, గుణుపురం పోయే రైలెక్కితే పర్లాకిమిడి వస్తుంది. 1900లో చిన్న రైలుగా మొదలైన దారి అది. 2004లో ఆగి, 2011లో పెద్ద రైలుగా మళ్ళీ నడిచింది. ఆ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు మేష్టరీ చేశాడు. జనం మాట్లాడే భాష గ్రంథభాషకు చెడిపోయిన రూపమని పండితులు అంటూవుంటే, చెడిపోలేదు, దాని నియమాలు దానికున్నాయి, మీకు తెలియకపోతే నేర్చుకోండి అన్నాడు. సవరల మాటను "బాగుచేసే" పని పెట్టుకోలేదు. వాళ్ళ దగ్గర కూచుని నేర్చుకుని, దానికి వ్యాకరణం (1931), నిఘంటువు (1938) రాశాడు. ఆయన పేరు మనం ఏటేటా తలుచుకుంటున్నాం. మాట విషయంలో ఆయన పక్షాన నిలబడ్డ మనం, పాట విషయానికి వచ్చేసరికి ఏ మాత్రం జంకూ లేకుండా పండితుల పక్షానికి ఎందుకు మారిపోయాం? "గ్రామ్యం" అన్న మాట పోయి "నాయిస్" అన్న మాట వచ్చింది. అంతకంటె మారిందేమిటి?

నా విమర్శకు ఆ మిత్రుడు రెండు జవాబులు చెప్పాడు. ఆయనకు అన్యాయం జరగకుండా రెండూ చెబుతాను.

మొదటిది: "కాలేజీ కుర్రాళ్ళు గరగర వింటారా? పాట జనంలోకి పోవాలా, బీరువాలో వుండాలా?" ఈ ప్రశ్న న్యాయమైనది. నా జవాబు: వినడానికి వేరే నకలు తయారుచేయండి. అందులో హోరు తగ్గించండి, వినపడని మాట వినపడేట్టు చేయండి. నేనూ చేస్తాను. కాని అది నకలని చెప్పండి. ఏమేం చేశారో చెప్పండి. అసలు ఫైలును దాని పక్కనే వుంచండి. ఆ కుర్రాళ్ళను మరీ తక్కువ అంచనా వేయకండి. నేను మా బడి పిల్లలకు రెండూ వినిపించాను. పలక చప్పుడున్నదాన్ని విని, "ఆ చప్పుడేంటి సార్?" అని అడిగారు. అక్కణ్ణుంచి ఉప్పు గురించి, కూలి గురించి ఒక గంట పాఠం నడిచింది. శుభ్రమైనదాన్ని విని ఏమీ అడగలేదు.

రెండోది: "బీటిల్స్ వాళ్ళు చేయలేదా?" చేశారు. జాన్ లెనన్ ఇంట్లో పాడి క్యాసెట్టు మీద వదిలిన గొంతును పియానో నుంచి యంత్రజ్ఞానంతో వేరుచేసి, 2023లో "నౌ అండ్ దెన్" పాట విడుదల చేశారు. అది అద్భుతమైన పనితనమే. కాని చేసిందేమిటో లోకానికంతా చెప్పి చేశారు. లెనన్ పాడిన పాత రూపం ఇప్పటికీ వినేవాళ్ళకు దొరుకుతున్నది. అంత జాగ్రత్త కోటీశ్వరుల పాటకేనా? ఉప్పు మడిలో పాటకు అక్కర్లేదా?

ఇక్కడ నేను అసలైన నేరానికి వస్తున్నాను. శుభ్రం చేసిన తర్వాత ఆ మిత్రుడు పదకొండు క్యాసెట్లను పారేశాడు. "అన్నీ కంప్యూటరులోకి ఎక్కించాం గదా" అన్నాడు. ఎక్కించింది ఎట్లా? 128 కిలోబిట్ల ఎంపీ3గా. అంటే సీడీలో వుండే సమాచారంలో పదకొండో వంతు. మనిషి చెవికి వినపడదని లెక్కగట్టినదాన్నంతా పారేసి, మిగిలినదాన్ని దాచడమే ఎంపీ3 కిటుకు. అంతటితో ఆగితే నష్టం తక్కువే. కాని దాన్ని విప్పి, రొద తీసి, మళ్ళీ ఎంపీ3గా కట్టారు. మళ్ళీ విప్పి, ఖాళీలు కోసి, మళ్ళీ కట్టారు. కట్టిన ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగిరాదు. ఎంపీ3 పాట అంటే సెకండులో దాదాపు నలభయ్యో వంతు పొడుగున్న చిన్నచిన్న పొట్లాల వరస. మధ్యలో ఒక పొట్లం పాడైతే దాన్ని ఏరేసి తక్కినవి చెక్కుచెదరకుండా అతకవచ్చు. పాటను కోయాలన్నా పొట్లాల మధ్య కోయవచ్చు. దీనికి విప్పి కట్టనక్కర్లేదు. ఈ మాత్రం ఓపిక ఎవరికీ లేకపోయింది.

వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టు 4న చనిపోయిన తర్వాత నా ఫోనుకు వచ్చిన ఆయన పాటల్లో చాలాభాగం ఇట్లా విప్పి కట్టి, విప్పి కట్టి అరిగిపోయినవే. వాటిలో కొన్నింటి మీద గాయకుడి పేరు చోట "అన్‌నోన్ ఆర్టిస్ట్" అని వుంది. ఉత్తరాంధ్రలో ఆ గొంతు తెలియని వూరు ఏది? తొలినాటి ఎంపీ3 చీటీలో పాట పేరుకు 30 బైట్లు, పాడినవాడి పేరుకు 30 బైట్లు ఇచ్చారు. తెలుగు అక్షరాలు ఇప్పటి పద్ధతిలో రాస్తే ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు. పది గుర్తులతో సరి. మన పేర్లు పట్టని చీటీ అది. ఆ తర్వాత వచ్చిన చీటీలో ఎంత పొడుగు పేరయినా పడుతుంది. చీటీ మారింది గాని, పేరు రాసే అలవాటు మనకు రాలేదు. ఇందుకు యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అజ్ఞాతుడని రాయించింది మన బద్ధకం.

కాబట్టి నేను కోరేవి పెద్ద కోరికలు కావు. క్యాసెట్టును ఎక్కించేటప్పుడు కుదింపు లేని వేవ్ ఫైలుగా, వీలైతే సెకండుకు 48,000 నమూనాలు, 24 బిట్లతో ఎక్కించాలి. ప్రపంచంలోని శబ్దభాండాగారాలవాళ్ళు కనీసం ఇంత వుండాలంటున్నారు. ఎక్కించిన ఆ మొదటి ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. రెండు చోట్ల దాచాలి. యంత్రం చెడగొట్టినదాన్ని, అంటే వేగాన్ని, పీఠికను, తెగిన పొట్లాలను, కరెంటు హోరును నకలులో సరిచేయాలి. మనిషి చేసినదాన్ని, అంటే ఊపిరిని, దగ్గును, తప్పిన శ్రుతిని, వంతపాటను, పనిముట్టు చప్పుడును, మధ్యలో ఎవడో వేసిన కేకను ముట్టుకోకూడదు. ఏది యంత్రానిదో, ఏది మనిషిదో తేలకపోతే పాడినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగాలి. వాళ్ళు లేకపోతే వదిలేయాలి. ఏం చేశామో నాలుగు వాక్యాలు రాసి ఫైలు పక్కన పెట్టాలి. పాడినవాళ్ళ పేరు, వూరు, తేదీ వాళ్ళు ఒప్పుకున్న మేరకు రాయాలి.

నౌపడ ముసలమ్మ పాట దక్కింది. బ్యాటరీ అయిపోయిన ఆ పాత ఫైలును కార్డులో నేను చెరపలేదు గనక దక్కింది. ఆ పదకొండు క్యాసెట్లు దక్కలేదు. వాటిలో ఎవరెవరు పాడారో, పాట మధ్యలో జనం ఏమని కేకలేశారో, ఏ వూరి మైకు ఎట్లా హోరెత్తిందో ఇక ఎవరూ చెప్పలేరు. శత్రువు వచ్చి తగలబెట్టలేదు వాటిని. మనవాడే, మంచి ఉద్దేశంతో, చెత్తబుట్టలో వేశాడు.

ఇది చదివే విద్యార్థుల ఇళ్ళలో, ఉపాధ్యాయుల బీరువాల్లో, సంఘాల ఆఫీసు అటకల మీద ఇంకా క్యాసెట్లున్నాయి. వాటిని ముందు కిందికి దించండి. తేమ లేని చోట పెట్టండి. మీద రాసివున్న పేర్లు చెరిగిపోకముందే ఒక పుస్తకంలోకి ఎక్కించండి. బాగుచేయడం తర్వాత చూద్దాం.